పెరటిలో రక్తబీజుడు

పిల్లలూ! మీ ఇంటి వెనుక ఉన్న గార్డెన్‌ను మీ అమ్మమ్మగారు 'పెరడు' అనటం మీరు వినే ఉంటారు. మన ఊళ్ళలో పెరడంటే ఒక బావి, కరివేప చెట్టు, నాలుగు వంగమొక్కలు, పందిరి మీద సొరపాదు. ఇంగ్లండులో పెరడంటే పచ్చగడ్డి, గులాబీలు, ఒక మూలగా చెక్కల షెడ్డు. ఈ రెండు పెరళ్ళలోనూ, ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చునేది ఒకటున్నది. అదే కలుపు.

'కలుపు' అనే మాటను మనం రెండు విధాలుగా వాడుతాము. "పాలలో పంచదార కలుపు" అన్నప్పుడు అది క్రియ. "చేలో కలుపు పెరిగింది" అన్నప్పుడు అది నామవాచకం. మనం నాటిన మొక్కల నడుమ, నాటకుండానే మొలిచి, వాటి నీరూ ఎరువూ తానే తినే మొక్కను కలుపు మొక్క అంటారు. అయితే పుట్టుకతో ఏ మొక్కా కలుపు కాదు. వరిమడిలో గరిక మొలిస్తే రైతు విసుక్కుంటాడు. వినాయక చవితినాడు అదే గరిక కోసం మనం ఊరంతా వెతుకుతాము.

పరదేశం నుంచి వచ్చిన మొక్కలన్నీ చెడ్డవని కూడ అనుకోరాదు. మిరప, టమాటా, బంగాళాదుంప మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. పోర్చుగీసువారు ఓడలలో తేకముందు ఆంధ్రదేశంలో మిరపకాయ కారమే ఎరగరు. ఆ రోజుల్లో ఆవకాయ ఎలా పెట్టుకునేవారో గాని! అలా వచ్చిన వేల మొక్కలు చెప్పినచోట చెప్పినట్లు పెరుగుతున్నాయి. ఏ కొన్ని మాత్రమే అదుపు తప్పి, పెరడు దాటి, ఏటిగట్టు పట్టి, అక్కడి మొక్కలను తొక్కివేస్తాయి. వీటిని ఆక్రమణ మొక్కలు అంటారు.

అవి అదుపు తప్పటానికి కారణమున్నది. పుట్టినచోట ప్రతి మొక్కనూ తినే పురుగులుంటాయి, పట్టే తెగుళ్ళుంటాయి. మొక్కను ఓడ ఎక్కించిన మనిషి ఆ పురుగులనూ తెగుళ్ళనూ వెంట తీసుకురాలేదు. శత్రువులు లేనిచోట కొన్ని మొక్కలకు ఇక అడ్డేమున్నది?

బ్రిటనులో ఇటువంటి మొక్కలలో పేరు మోసినది జపనీస్ నాట్‌వీడ్. నాట్ అంటే ముడి. ఈ మొక్క కాడకు వెదురుకు ఉన్నట్లే కణుపులుంటాయి, అందుకే ఆ పేరు. జపానులో దీనిని ఇతాదొరి అంటారు. అక్కడ అగ్నిపర్వతాల బూడిద నేలల మీద మొదట మొలిచే మొక్కలలో ఇదొకటి. బూడిదలోనే బ్రతికే మొక్కకు లండను మట్టి ఒక లెక్కా! దీనిని ఐరోపాకు తెచ్చినవాడు సీబోల్ట్ అనే జర్మను వైద్యుడు. ఆయన జపానులో పనిచేసి, తిరిగివచ్చి, హాలండులోని లైడెన్ పట్టణంలో తోట పెట్టాడు. 1847లో అక్కడి ఉట్రెక్ట్ తోటల సంఘంవారు ఈ మొక్కకు బంగారు పతకం కూడ ఇచ్చారు. 1850లో లండను దగ్గరి క్యూ తోటకు ఒక మొక్క చేరింది. అందంగా ఉన్నది గదా అని జమీందార్లూ, తోటల వ్యాపారులూ దానిని కొన్నారు, అమ్మారు, నాటారు. పతకం పుచ్చుకున్న ఆ మొక్కనే ఇప్పుడు ప్రజలు డబ్బిచ్చి తీయించుకుంటున్నారు.

దీనిని గుర్తుపట్టటం కష్టం కాదు, కాని ఏ ఋతువులో చూస్తున్నామో జ్ఞాపకం ఉంచుకోవాలి. వసంతకాలంలో నేలలోంచి ఎర్రని మొలకలు చూపుడువేలు మందాన పొడుచుకు వస్తాయి. వేసవిలో రోజుకు 10 సెంటీమీటర్ల వరకు పెరిగి, మీ నాన్నగారిని మించి, 2, 3 మీటర్లు లేస్తాయి. కాడ లోపల డొల్ల. పైన ఊదారంగు మచ్చలు. ఆకు అడుగున అడ్డంగా కోసినట్లుండి, కొన సన్నగా ఉంటుంది. ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు వచ్చి కొమ్మ వంకరటింకరగా కనబడుతుంది. వేసవి చివర తెల్లని సన్నపూల గుత్తులు వస్తాయి. చలికాలంలో పైభాగం చచ్చి, గోధుమరంగు ఎండు కర్రలు నిలబడి ఉంటాయి. వాటిని చూసి "పీడ విరగడైంది" అనుకునేవారున్నారు. అసలు మొక్క అప్పుడు నేలలో నిద్రపోతున్నది.

అన్నట్టు, మీరు పప్పులో తినే చుక్కకూరకు ఈ మొక్క దూరపు చుట్టం. రెండిటిదీ ఒకే కుటుంబం. జపానులో దీని లేత మొలకలను వండుకుని తింటారు, పుల్లగా ఉంటాయి. ఇక్కడ మాత్రం ఎవరూ కోసి రుచి చూడవద్దు. ఏ మొక్కకు ఎవరు కలుపుమందు కొట్టి ఉన్నారో తెలియదు.

ఇక రక్తబీజుని సంగతి. మీ తాతమ్మలు చెప్పే దేవీ కథలో రక్తబీజుడని ఒక రాక్షసుడున్నాడు. వాని రక్తపు బొట్టు ఒకటి నేల మీద పడితే చాలు, మరొక రక్తబీజుడు లేచి నిలబడతాడు. కొట్టినకొద్దీ పెరుగుతాడు. నాట్‌వీడ్ పని సరిగా అదే. నేలలో దీనికి అల్లం, పసుపు వాటికి ఉన్నట్లే కొమ్ములుంటాయి. విరిస్తే లోపల క్యారెట్ రంగు కనబడుతుంది. ఆ కొమ్ములు రెండు మూడు మీటర్ల లోతుకు దిగగలవు, ప్రక్కకు కొన్ని మీటర్లు పాకగలవు. ఇందులో గోరంత ముక్క, గ్రాముకన్న తక్కువ బరువున్నది, మట్టిలో మిగిలినా దానినుంచి కొత్త మొక్క లేస్తుంది. పచ్చికాడను కణుపు దగ్గర తుంచి తడినేలలో పడవేసినా వేరు పోస్తుంది. విచిత్రమేమంటే బ్రిటనులో ఉన్న ఈ మొక్కలన్నీ ఆడమొక్కలు. వాటి సొంత విత్తనంతో ఇవి ఇక్కడ వ్యాపించలేదు. ఒకే మొక్క ముక్కలు ముక్కలుగా దేశమంతా పరచుకున్నది. ముక్కలు మోసినది ఏటి నీరు, మట్టి లారీలు, తోటపనివారి పారలు.

అందుచేత ఈ మొక్క దగ్గర మాటలు కూడ జాగ్రత్తగా వాడాలి. తెలుగులో మొక్కను తీసే పనికి ఎన్ని క్రియలున్నాయో చూడండి. ఆకును తుంచుతాము, పువ్వును కోస్తాము, తీగను తెంపుతాము, కొమ్మను నరుకుతాము, గడ్డిని చెక్కుతాము, మొక్కను పీకుతాము, దుంపను తవ్వుతాము, చెట్టును వేళ్ళతోసహా పెకలిస్తాము. ఒక్కొక్క కలుపుకు ఒక్కొక్క క్రియ పనికివస్తుంది. డాండెలయన్ వేరు ముల్లంగిలా ఒకటే, దానిని పెకలించాలి. తెంపితే మళ్ళీ వస్తుంది. చిక్‌వీడ్‌ను ఊరికే పీకితే చాలు. బైండ్‌వీడ్ అనే తెల్లపూల తీగను పీకితే తెగిన వేరుముక్కలన్నీ మొలుస్తాయి, మట్టిని గుల్లచేసి ఏరుకోవాలి. మన తుంగ అలాంటిదే. పైన గడ్డి పీకినవాడు నవ్వుకుంటాడు, నేలలోని గడ్డలు వానిని చూసి నవ్వుకుంటాయి. నాట్‌వీడ్‌కు పైన చెప్పిన క్రియలలో ఒక్కటీ చాలదు.

ఒక ఇంట్లో ఇలా జరిగినదని ఊహించుకోండి. తెనాలి దగ్గరి పల్లె నుంచి తాతగారు కూతురింటికి వచ్చారు. పెరటిలో కంచె ప్రక్కన గుబురుగా పెరిగిన మొక్కలు చూశారు. జీవితమంతా సేద్యం చేసిన మనిషి, ఊరికే కూర్చోగలరా? పంచె ఎగగట్టి పార తీసుకున్నారు.

"తాతయ్యా, ఆగండి! దాన్ని తవ్వకండి!" అంటూ మనవరాలు పరుగెత్తుకు వచ్చింది.

"ఏమ్మా? కలుపేగా. అరగంటలో నేల నున్నగా చేసి చూపిస్తాను."

"తవ్వితే ముక్కలై ఇంకా పెరుగుతుందట తాతయ్యా. మా బడిలో చెప్పారు."

తాతగారు పార దించి, ఒక మొలక మొదట మట్టి కొద్దిగా ప్రక్కకు తీసి చూశారు. "ఓహో! ఇది తుంగకు పెద్దన్న. సరే, తవ్వను. పైన కోసి ఆ గోధుమరంగు డబ్బాలో వేసి వస్తాను."

"అందులో కూడ వేయకూడదు తాతయ్యా! ఆ చెత్తతో ఎరువు చేస్తారు. ఆ ఎరువు అందరూ కొనుక్కుంటారు."

"అయితే దీన్ని ఎక్కడ వేయమంటావు తల్లీ?"

తాతగారు అడిగినదే అసలైన ప్రశ్న. మొక్కను తీయటంకన్న, తీసినదాన్ని ఏం చేయాలన్నదే ఇక్కడ పెద్ద పని. నాట్‌వీడ్ ముక్కను పెంటకుప్పలో వేయరాదు, బ్రతికే ఉంటుంది. కౌన్సిలువారి తోటచెత్త డబ్బాలో వేయరాదు. చెత్త కేంద్రానికి మామూలు గడ్డితో కలిపి తీసుకుపోరాదు. రాత్రిపూట ఏ వాగు ఒడ్డునో పారబోసి రావటం అన్నిటికన్న తప్పు. నీరు ఆ ముక్కలను ఎందరి పెరళ్ళకో చేరుస్తుంది. 1990 నాటి పర్యావరణ రక్షణ చట్టం ప్రకారం ఇది అదుపులో ఉంచవలసిన వ్యర్థం. పెరడు దాటి బయటకు పోవాలంటే అనుమతి గల రవాణాదారు తీసుకుపోవాలి, అనుమతి గల చోటనే పూడ్చాలి. ఇల్లుగలవారు చేయగలిగిన తేలిక పని వేరే ఉన్నది. కోసిన కాడలను ఆ పెరటిలోనే, మట్టి తగలకుండా, ప్లాస్టిక్ పట్టా మీద పరచి పూర్తిగా ఎండనివ్వాలి. మంట వేయటానికి ఆ కౌన్సిలు ఒప్పుకునేచోట, ఎండినదాన్ని అక్కడే కాల్చవచ్చు.

నేలలోని కొమ్ముల సంగతి పెద్దలే చూడాలి. సాధారణంగా గ్లైఫోసేట్ అనే కలుపుమందు వాడుతారు. దానికి తగిన కాలం వేసవి చివర, ఆకురాలు కాలం మొదట. ఎందుకంటే అప్పుడు మొక్క తన ఆకులలో చేసుకున్న ఆహారాన్ని చలికాలం కోసం కొమ్ములకు పంపుతుంది. ఆకు మీద పడిన మందు ఆ దారినే క్రిందికి దిగుతుంది. శత్రువు కోటలోకి ధాన్యపు బండ్లలో దాగిపోయినట్లు! వసంతంలో కొడితే ఆకులు మాడుతాయి గాని కొమ్ములకు అంతగా చేరదు. వేల్సులోని స్వాన్సీ విశ్వవిద్యాలయంవారు ఎన్నో పద్ధతులను ప్రక్కప్రక్కన పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. 3 సంవత్సరాలలో ఈ మొక్కను పూర్తిగా నిర్మూలించిన పద్ధతి ఒక్కటీ లేదని తేలింది. కనుక "ఒక్క దెబ్బతో పోతుంది" అని ఎవరైనా ప్రకటన వేస్తే నమ్మవద్దు. నీటి ఒడ్డున మందు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. పిల్లలు మందు డబ్బాను ముట్టుకోరాదు.

పెరటిలో ఈ మొక్క ఉండటం నేరమా? కాదు. దానిని ఆరుబయట నాటటం, అక్కడ పెరిగేలా చేయటం ఇంగ్లండు, వేల్సులలో 1981 నాటి చట్టం ప్రకారం నేరం. పొరుగువారి జాగాలోకి పాకనిస్తే వారు కోర్టుకు పోవచ్చు. వేల్సులోని మాస్టెగ్ అనే ఊళ్ళో రైలుకట్ట మీది నాట్‌వీడ్ ప్రక్కనున్న రెండిళ్ళ జాగాలలోకి కొమ్ములు చాచింది. ఇంటివారు రైలుమార్గాల సంస్థ అయిన నెట్‌వర్క్ రైల్ మీద దావా వేశారు. 2018 జులైలో అప్పీలు కోర్టు ఇంటివారి పక్షాన తీర్పు ఇచ్చింది. గోడ పగలకపోయినా సరే, కొమ్ములు వచ్చి చేరటమే ఇంటివారు తమ స్థలాన్ని హాయిగా వాడుకోవటానికి అడ్డమని న్యాయమూర్తులు చెప్పారు. ఇల్లు అమ్మేటప్పుడు నింపే పత్రంలో కూడ ఈ మొక్క ఉన్నదా అని ఒక ప్రశ్న ఉంటుంది. దాచి అమ్మితే తరువాత చిక్కే.

ఇంతగా భయపెట్టి, ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. ఈ మొక్క కాంక్రీటును చీల్చి ఇళ్ళు కూలుస్తుందని చాలామంది చెప్పుకుంటారు. 2018లోనే లీడ్స్ విశ్వవిద్యాలయంవారు, ఒక ఇంజనీరింగు సంస్థవారు కలిసి పరిశీలించి, ఇళ్ళకు దీనివలన కలిగే హాని పెద్ద చెట్ల వలన కలిగేదానికన్న ఎక్కువ కాదని తేల్చారు. ఉన్న పగులులోంచి మొలకెత్తుతుంది గాని, గట్టి పునాదిని పగులగొట్టదు. కనుక కనబడగానే కంగారుపడి ఇల్లు తవ్వించనక్కరలేదు. ఫొటో తీసి పెద్దలకు చూపండి. పొరుగువారితో మాట్లాడమనండి. కంచెకు ఒక ప్రక్కనే మందు కొట్టి లాభం లేదు, కొమ్ములకు కంచె తెలియదు.

రెండవ మొక్క హిమాలయన్ బాల్సం. పేరులోనే ఊరున్నది. ఇది మన హిమాలయాల పడమటి కొండలది. ఉత్తర హిందూస్థానంలో సహరన్‌పూర్ తోటను చూసిన రాయిల్ అనే వైద్యుని ద్వారా 1839లో దీని విత్తనాలు బ్రిటను చేరాయి. మన ఇళ్ళలో కుండీలలో పెంచే బాల్సం పూలకు ఇది అక్క వరుస, కాని ఇది మనిషిని మించి 2 మీటర్లపైన పెరుగుతుంది. గులాబీరంగు పూలు పాతకాలపు పోలీసు టోపీలా ఉంటాయి. వేసవి చివర దీని కాయను ముట్టుకుంటే 'టప్'మని పేలి, విత్తనాలు 7 మీటర్ల దూరం వరకు ఎగురుతాయి. ఆట బాగానే ఉంటుంది! కాని ఒక్కొక్క మొక్కకు 800 దాకా విత్తనాలు. మీరు ఒక్క సాయంత్రం ఆడుకుంటే వచ్చే ఏటి తోట నాటినట్లే.

తేనెటీగలకు దీని పూలంటే ఇష్టమే. నష్టం వేరేచోట ఉన్నది. వేసవిలో ఏటిగట్టంతా తానే కప్పి ఇతర మొక్కలకు ఎండ తగలనివ్వదు. చలికి తాను చచ్చిపోతుంది. అప్పుడు గట్టును పట్టి ఉంచే వేళ్ళు లేక, వరదకు మట్టి కోసుకుపోతుంది.

దీని విషయంలో మాత్రం మందు అక్కరలేదు, చేతులు చాలు. వేళ్ళు పైపైనే ఉంటాయి. మే, జూన్ నెలలలో, కాయ పట్టకముందే, మొదలు దగ్గర పట్టుకుని వేళ్ళతోసహా పీకాలి. క్రింది కణుపుకు పైన విరిగితే మళ్ళీ చిగురిస్తుంది. కాయ లేని మొక్కలను ఒకచోట కుప్పవేసి ఎండనిస్తే కుళ్ళి ఎరువవుతుంది. కాయ ఉంటే కదపకుండా ముందు సంచి తొడిగి కోయాలి. విత్తనం నేలలో సుమారు 2 సంవత్సరాలే బ్రతుకుతుంది కనుక, రెండు మూడు వేసవులు వదలకుండా పీకితే ఆ చోటు శుభ్రపడుతుంది. ఏటి ప్రక్కనైతే పైనుంచి క్రిందికి పీకుతూ రావాలి. క్రింద మొదలుపెడితే పైనుంచి విత్తనాలు నీటిలో వస్తూనే ఉంటాయి. చాలా ఊళ్ళలో వేసవి ఆదివారాలలో ఇరుగుపొరుగువారు గుంపుగా చేరి ఈ పని చేస్తారు. మీరూ వెళ్ళవచ్చు.

దీనికి శత్రువును కూడ హిమాలయాల నుంచే తెచ్చారు. ఆకుల మీద త్రుప్పులా పట్టే ఒక బూజును పరీక్షించి 2014లో ఇంగ్లండులో వదిలారు. అన్ని చోట్లా అది ఒకేలా పట్టలేదు. బాల్సం విత్తనాలు హిమాలయాలలో ఒకే చోటినుంచి రాలేదు, ఒక్కొక్క రకానికి ఒక్కొక్క బూజు కావాలి. నాట్‌వీడ్ రసం పీల్చే జపాను పురుగును 2010లోనే వదిలారు, అది అనుకున్నంతగా నిలదొక్కుకోలేదు.

మూడవది జెయింట్ హాగ్‌వీడ్. దీనిని మాత్రం మీరు తీయవద్దు, ముట్టవద్దు. కాకసస్ కొండల నుంచి వచ్చిన ఈ మొక్క 5 మీటర్ల వరకు పెరుగుతుంది. గొడుగంత తెల్లపూల గుత్తి, నూగు గల కాడ మీద ఊదా మచ్చలు దీని గుర్తులు. దీని రసం చర్మం మీద పడి, దానిపై ఎండ తగిలితే నిప్పు కాల్చినట్లు బొబ్బలు లేస్తాయి. డొల్ల కాడను ఊదుగొట్టంగా చేసి ఆడుకున్న పిల్లలకు పెదవులు కాలిన సందర్భాలున్నాయి. పొరపాటున తగిలితే వెంటనే సబ్బు, నీళ్ళతో కడిగి, ఆ చోట ఎండ పడకుండా గుడ్డ కప్పి, డాక్టరుకు చూపించాలి.

సెలవులకు ఆంధ్రా, తెలంగాణా వెళ్ళినప్పుడు రోడ్డు ప్రక్కన తెల్లని చిన్నపూల గుబురు మొక్క కనబడితే దాని పేరు అడగండి. వయ్యారిభామ అంటారు. పేరు విని మోసపోకండి. అమెరికా ఖండం నుంచి వచ్చి, 1950ల మధ్యలో పూనాలో కనబడి, దేశమంతా పాకింది. ఇది తగిలి కొందరికి దురదలు, పూలపొడి వలన కొందరికి ఉబ్బసం వస్తాయి. 1984లో బెంగుళూరు ప్రాంతంలో దీని ఆకు తినే ఒక మెక్సికో పెంకుపురుగును వదిలారు. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకటం ఇప్పటికీ మంచి ఉపాయం.

ప్రశ్నలు

1. నాట్‌వీడ్‌ను రక్తబీజునితో ఎందుకు పోల్చారు?
2. కలుపుమందును వసంతంలో కాక వేసవి చివర ఎందుకు కొట్టాలి?
3. తుంచు, కోయు, తెంపు, చెక్కు, పీకు, పెకలించు: ఈ క్రియలతో సొంత వాక్యాలు వ్రాయండి.
4. తాతగారి చివరి ప్రశ్నకు మనవరాలు ఏమని జవాబు చెప్పి ఉంటుంది? ఐదు వాక్యాలలో సంభాషణగా వ్రాయండి.
5. మీ పొరుగింటివారి పెరటినుంచి నాట్‌వీడ్ మీ పెరటిలోకి వస్తున్నది. వారికి కోపం రాకుండా, మీ ఇంటి తరఫున ఒక ఉత్తరం వ్రాయండి.